ఓయివా లెప్పాకోస్కి పలకని ఎనిమిది సెకన్లు

2006 జనవరి 16, సోమవారం, ఉదయం 9 గంటల 2 నిమిషాలు. ఫిన్లాండులోని ఫోర్సా పట్టణంలో ఒక మేడ రెండో అంతస్తున, వంటింటి గోడకున్న ఫోను తీసి ఓయివా లెప్పాకోస్కి యాత్రల కంపెనీ నంబరు నొక్కాడు. బయట మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. అవతల ఒక యంత్రం ఆడగొంతుతో పలికింది.

"నమస్కారం. మీ పని ఏమిటో ఒక్క మాటలో చెప్పండి."

ఆ కోరిక ఓయివాకు నచ్చింది. అరవై నాలుగేళ్ళ జీవితంలో ఆయనను ఇంత మర్యాదగా మాట్లాడమన్నవారు లేరు. తగిన మాట ఏదని ఆలోచించసాగాడు. ‘ప్రయాణం’ అంటే మరీ విశాలం. ‘తేదీ’ అంటే మరీ ఇరుకు. ‘పొరపాటు’ అంటే ఎవరిదో తేలాలి. ఈ మూడింటినీ తూచుతుండగా యంత్రం మళ్ళీ పలికింది.

"క్షమించండి, మీ వైపునుంచి ఏమీ వినిపించడం లేదు. మీ రోజు ఆనందంగా గడవాలి."

ఫోను తెగింది. ఓయివా గోడ గడియారం చూసి, నీలిరంగు నోటుబుక్కు తెరిచి, నిలువు గీతలు గీసి, ఒక వరసకు ‘నిశ్శబ్దం, సెకన్లలో’ అని పేరు పెట్టి, దాని కింద 8 అని రాసుకున్నాడు.

ఆయనా నేనూ పురపాలక నీటి పరీక్షశాలలో ఇరవై రెండేళ్ళు పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. మాది హామె ప్రాంతం. ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పేవాణ్ణి ఇక్కడ తొందరపాటు మనిషి అంటారు. అలాంటి మా మధ్యనే ఓయివాకు మితభాషి అని పేరుంది. పరీక్షశాలలో ఒకసారి నా బల్లమీద స్పిరిటు అంటుకుంటే, ఆయన తడిగుడ్డ తెచ్చి కప్పి, ఆర్పి, తన చోటికి వెళ్ళి కూర్చుని, కాఫీ వేళకు "అంటుకుంది" అన్నాడు.

రెండోసారి ఫోను చేసినప్పుడు ‘తేదీ’ అన్న మాట సిద్ధంగా పెట్టుకుని చేశాడు. యంత్రం ఆనందించింది.

"మీరు ప్రయాణం తేదీ గురించి మాట్లాడాలనుకుంటున్నారు. ఔనా, కాదా?"

ఓయివా ఔనన్నాడు. అయితే ఆయన ఔను మా అందరి ఔను లాంటిదే: ఊపిరి లోపలికి పీల్చుకుంటూ, పెదవులు కదిలీ కదలకుండా పలికేది. పెళ్ళి పీటల మీద, డాక్టరు దగ్గర, పోలీసుల ముందు కూడా ఇక్కడ అదే చెల్లుతుంది. యంత్రం పరదేశంలో తయారైంది. మనిషి మాట ఊపిరి బయటికి వస్తున్నప్పుడే పుడుతుందని దానికెవరో నేర్పి పంపారు.

"క్షమించండి, మీ వైపునుంచి ఏమీ వినిపించడం లేదు."

నోటుబుక్కులో రెండో 8 పడింది.

ఇంతకూ తేదీ సంగతి. ఆ సంవత్సరం మార్చి 29, బుధవారం మధ్యాహ్నం, టర్కీ దక్షిణ తీరాన సిదే అనే ఊరిమీద సంపూర్ణ సూర్యగ్రహణం. నిండు చీకటి 225 సెకన్లు ఉంటుందని ఓయివా వంటింటి కేలండరు మీద పెన్సిలుతో రాసిపెట్టుకున్నాడు. 1990 జూలైలో మా దేశంలోనే, జొయెన్సూ దగ్గర ఒక గుట్టమీద, తెల్లవారుజామున భార్యతో కలిసి నిలబడి ఆయన ఒక సంపూర్ణ గ్రహణం చూడబోయాడు. మబ్బు. ఆకాశమంతా నల్లబడి మళ్ళీ తెల్లబడింది. భార్య హెల్కా అప్పుడు అన్న మాట ఆయన పదహారేళ్ళుగా మోస్తున్నాడు:

"చీకటి పడింది కదా, తెల్లారింది కదా, ఇంకేం కావాలయ్యా నీకు? మబ్బు వెనకాల జరిగినా గ్రహణం గ్రహణమే!"

ఫిన్లాండులో మళ్ళీ సంపూర్ణ గ్రహణం 2126లో. అప్పటికి ఆయనకు నూట ఎనభై అయిదేళ్ళు నిండుతాయి. కనుక సిదేకు వెళ్ళాలి. ఆ వారం అటువైపు వెళ్ళే విమానాలన్నిటిలో సీట్లు ముందే అయిపోయాయి. అక్టోబరులోనే మార్చి 25 శనివారం విమానంలో ఇద్దరికీ టికెట్లు కొని ఓయివా నిశ్చింతగా ఉన్నాడు. నిశ్చింత నవంబరు వరకు నిలిచింది.

హెల్కా కరేలియా మనిషి. యుద్ధంలో తూర్పు సరిహద్దు రష్యాకు పోతే ఊళ్ళకు ఊళ్ళు వదిలి వచ్చి మా మధ్య స్థిరపడ్డవాళ్ళ బిడ్డ. ఇల్లూ పొలమూ పశువులూ అక్కడే వదిలేసినా వాళ్ళు మాటల్ని మాత్రం ఒక్కటి కూడా వదలకుండా తెచ్చుకున్నారని మావాళ్ళంటారు. నవంబరులో ఒకరోజు, కిటికీ పక్క సీటు దొరుకుతుందేమో కనుక్కుందామని ఆమె యాత్రల కంపెనీకి ఫోను చేసింది. ఎత్తిన అమ్మాయి అత్తగారిదీ కరేలియానే. నలభై ఏడు నిమిషాలు మాట్లాడుకున్నారు. కిటికీ పక్క సీటు దొరకలేదు. ఒక క్రెడిట్ కార్డు దొరికింది.

"ఉత్తినే ఇస్తున్నారు ఓయివా! ఈ కార్డు తీసుకుంటే ఇద్దరిలో ఒకరి టికెట్టు ఉచితమట. అంత మంచి పిల్ల అడిగితే వద్దని ఎట్లా అంటాను? వాళ్ళ అత్తకు మోకాలు నొప్పి కూడాను."

జనవరి 13న, అదీ ఇక్కడివాళ్ళు అపశకునమనుకునే శుక్రవారమే, ఉత్తరం వచ్చింది. మీ ఉచిత టికెట్టు ఏప్రిల్ మాసం నుంచి మాత్రమే చెల్లుతుంది; భార్యాభర్తలు విడివిడిగా ప్రయాణించడం మీకు ఇష్టం ఉండదు కనుక, మీ సౌకర్యం కోసం ఇద్దరి ప్రయాణాన్నీ ఏప్రిల్ 1కి మార్చడమైనది; మార్పులు కోరేవారు జనవరి 31 లోపల ఫోను చేయవలెను. ఉత్తరం అడుగున ఒక తాటిచెట్టు బొమ్మ, దాని పక్కన నవ్వుతున్న సూర్యుడు. గ్రహణం అయిన మూడు రోజులకు ఆ సూర్యుడి దగ్గరికి వాళ్ళను తీసుకువెళ్తామని కంపెనీ హామీ.

హెల్కాకు ముందు నవ్వు వచ్చింది, ఏప్రిల్ ఒకటి కదా, హాస్యమాడుతున్నారని. తర్వాత భర్త ముఖం చూసింది. ఆయన ఏమీ అనలేదు. మూడు రోజులు ఏమీ అనలేదు. అది కోపమో, మామూలు శనాదివారాలో ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం తర్వాత కూడా ఆమెకు తేల్చుకోవడం రాలేదు. చివరికి తనకు తానే శిక్ష వేసుకుంది.

"ఈ గొడవ తేలేదాకా నేను ఫోను ముట్టను. నువ్వు మాట్లాడుతున్నప్పుడు నోరు కూడా మెదపను. నా నోటితోనే కదా ఈ కొంప మునిగింది!"

కొంప మునగడానికి కారణం మాట. తేల్చడానికి మిగిలింది ఓయివా.

మొదటి రెండు ఫోన్ల తర్వాత ఆయన నేరుగా వెళ్ళి మనిషిని చూడాలనుకున్నాడు. యాత్రల కంపెనీకి ఫోర్సాలో వీధిలోకి తలుపున్న ఆఫీసు ఒకటి ఉండేది. ఇప్పుడు అక్కడ దీపాల కింద పడుకుని ఒళ్ళు కాల్చుకునే దుకాణం ఉంది. పది నిమిషాల ఎండ ఆరు యూరోలు. "గ్రహణం ఉందా?" అని అడుగుదామనిపించిందని ఓయివా నాతో అన్నాడు. అడగలేదట. ఉత్తరం కూడా రాశాడు. నాలుగో రోజున జవాబు వచ్చింది: మీ ఉత్తరం మాకు ముఖ్యం, దయచేసి ఫోను చేయండి.

చేశాడు. అయిదో ప్రయత్నంలో, ఔనుకు బదులు దగ్గడంతో, యంత్రాన్ని దాటి ఒక మనిషిని అందుకున్నాడు. పేరు యొన్నా. ఆ అమ్మాయి ఉచిత టికెట్టు షరతులు పద్నాలుగూ చదవడం మొదలుపెట్టింది. ఎదుటివారు చదువుతుంటే మధ్యలో ఊకొట్టడం మా దగ్గర అమర్యాద. ఓయివా మర్యాదగా విన్నాడు. మూడో షరతు మధ్యలో లైను తెగింది. ఆరోసారి మూడో షరతు, ఏడోసారి రెండో షరతు. ఎనిమిదోసారి యొన్నా గొంతు మారింది.

"లెప్పాకోస్కి గారూ, మీరు ఈసారైనా కోపం తెచ్చుకోకుండా వింటారా?"

"కోపమా?"

"నేను మాట్లాడుతుంటే మూడుసార్లు ఫోను పెట్టేశారు. మా కంప్యూటరులో మీ పేరు పక్కన రాసి ఉందండీ."

"ఏమని?"

"చెప్పకూడదు."

ఓయివా ఆలోచించాడు. లైను తెగింది. కోపిష్ఠి అని రాసి ఉంటుందని హెల్కా తేల్చింది. మా ఊళ్ళో ఆ మాట తెలిసినవాళ్ళందరూ ఆ వారం చాలా సంతోషంగా గడిపారు. శనివారం ఆవిరి స్నానం గదిలో నేను ఆయనకు చోటు వదిలి పైమెట్టు మీదికి జరిగాను.

"ఎందుకు?" అన్నాడు.

"ప్రమాదం," అన్నాను.

జనవరి 30, సోమవారం సాయంత్రం ఆయన నన్ను పిలిచి నోటుబుక్కు చూపించాడు. పదకొండు ఫోన్లు. ఒక్కొక్కదానికి తేదీ, వేళ, మాట్లాడిన మొత్తం సమయం, తెగడానికి ముందు తన నిశ్శబ్దం. చివరి వరసలో పదకొండు ఎనిమిదులు, మంచు గడ్డల్లా ఒకదాని కింద ఒకటి. ఇవతలివైపు ఎనిమిది సెకన్లు చప్పుడు లేకపోతే అవతలి యంత్రం మనిషి పోయాడనుకుంటుందని అప్పటికే ఇద్దరికీ అర్థమయింది. కానీ మొత్తం సమయాల వరసలో ఒక్క అంకె వేరుగా ఉంది. తక్కినవన్నీ నాలుగు నిమిషాల లోపు. జనవరి 26 నాటిది మాత్రం ముప్పై ఒక్క నిమిషాలు.

"ఆ రోజు ఎక్కువ మాట్లాడావా?"

"లేదు."

"మరి?"

ఆయనకు తెలియదు. నేను కేలండరు చూశాను. జనవరి 26 గురువారం. గురువారం అంటే ఈ దేశంలో ఏ ఇంట్లోనైనా బఠానీల సూపు, దాని తర్వాత ఓవెన్లో కాల్చిన అట్టు.

"హెల్కా," అన్నాను, "గురువారం ఈయన ఫోనులో ఉన్నప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

హెల్కా ఉలిక్కిపడింది. "నేను నోరు మెదపలేదయ్యా! ఒట్టు! ఇదిగో, ఈ ఫోను పక్కనే నిలబడి అట్టుపిండి గిలక్కొడుతున్నాను. అంతే. పెద్ద గిన్నె. చెయ్యి పడిపోయేదాకా కొట్టాను, ఒక్క ఉండ కూడా లేకుండా."

"ఎంతసేపు?"

"ఆయన ఫోను పట్టుకున్నంతసేపూ. అలా నిలబడి చూస్తుంటే నాకు ఒళ్ళు మండి కొడుతూనే ఉన్నాను. తర్వాత పళ్ళెంలో పోసి ఓవెన్లో పెట్టాను. అప్పుడే ఈయన ‘తెగింది’ అన్నాడు."

ఓయివా నెమ్మదిగా పెన్సిలు తీసి, ముప్పై ఒక్క నిమిషాల పక్కన ‘అట్టుపిండి’ అని రాశాడు. పదకొండు ప్రయోగాలలో తేడా ఉన్న అంశం అదొక్కటే.

"రేపు గురువారం కాదు," అన్నాడు.

"నీకు మంగళవారం అట్టు వేస్తే పోలీసులొస్తారా?" అన్నది హెల్కా. తర్వాత భుజం పట్టుకుంది. "అయినా నా చెయ్యి లేవట్లేదు. మాట్లాడితే సరిపోదూ? దానికి చప్పుడు కావాలి, అంతేగా? చప్పుడు నేను చేస్తాను. నువ్వు నీ ఇష్టం వచ్చినంతసేపు ఊరుకో."

జనవరి 31, గడువు చివరి రోజు, ఉదయం 9 గంటల 1 నిమిషం. ఓయివా ఫోను చెవికి ఆనించాడు. హెల్కా మూడు జానల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. సాక్షిగా నేను, నా దగ్గర పరీక్షశాల నాటి స్టాప్‌వాచీ. ‘తేదీ’ అన్నాడు ఓయివా. ఔనా కాదా అని యంత్రం అడిగినప్పుడు హెల్కా ముందుకు వంగి "ఔనే తల్లీ, ఔను!" అన్నది. యంత్రం ఎంత సంతోషించిందంటే ఏడు నిమిషాలలో ఒక పైఅధికారికి కలిపింది. పేరు యార్నో. యువకుడు, మెత్తటి గొంతు. ఫోను గట్టిగా వినిపించేది కనుక ఆయన మాటలు మాకూ తెలుస్తున్నాయి.

"లెప్పాకోస్కి గారూ, మీ ఇబ్బంది అర్థమైంది. కానీ కంప్యూటరు ఒప్పుకోదండీ. ఏప్రిల్ ఒకటే."

ఓయివా ఏమీ అనలేదు. హెల్కా కరేలియా వాళ్ళ అన్నం రొట్టెలు చేసే పద్ధతి అందుకుంది.

"రై పిండిని ముందు చన్నీళ్ళతో కలపాలి. వేడినీళ్ళు పోశావో, చచ్చిందన్నమాటే. తర్వాత అద్దంలా పల్చగా వత్తాలి, వెనకాల పేపరు పెడితే అక్షరాలు కనిపించాలి. ఈ హామె వాళ్ళు చేసేవీ ఉన్నాయి, బూటు అట్టల్లాగ!"

"అక్కడ ఎవరో మాట్లాడుతున్నట్టున్నారు?" అన్నాడు యార్నో.

"మాట్లాడుతున్నారు," అన్నాడు ఓయివా.

"నాతోనా?"

"కాదు."

నేను స్టాప్‌వాచీ నొక్కాను. ఓయివా కిటికీలోంచి బయట మంచు తీస్తున్న ట్రాక్టరును చూస్తున్నాడు. ఆయన ఎవరినీ బెదిరించడం లేదు. నిజంగానే ఆయనకు చెప్పవలసింది ఏమీ లేదు, ఏప్రిల్ ఒకటి కుదరదు, అంతే. కానీ ఆ ఊరుకోవడంలో ఉన్న బరువును ఇరవై రెండేళ్ళు పక్కబల్ల దగ్గర మోసినవాణ్ణి నేను. ఇన్నాళ్ళూ ఆ బరువు ఎదుటి మనిషిమీద పడకముందే యంత్రం లైను తెంపి వాళ్ళను కాపాడుతూ వచ్చింది. ఈరోజు హెల్కా అడ్డం పడింది. యార్నో ఒంటరిగా దొరికాడు.

పందొమ్మిదో సెకనులో ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మీకు జరిగిన అసౌకర్యానికి ఏడు రోజులు ఉదయం ఫలహారం ఉచితంగా ఇప్పించగలను."

ఓయివా ట్రాక్టరును చూస్తున్నాడు. హెల్కా అన్నంగంజి దగ్గరికి వచ్చింది. మధ్యలో పెట్టే బియ్యం పాలల్లో ఎంతసేపు ఉడకాలో, తన పెద్దమ్మ ఎంత ఉడికించేదో, ఆ పెద్దమ్మను చేసుకున్నవాడు ఎంత వెధవో.

నలభై నాలుగో సెకను: "సముద్రం కనిపించే గది."

డెబ్బై ఒకటి: "బంగారు కార్డు. ఏటా కట్టే రుసుము లేకుండా."

హెల్కా మాట ఒక్క క్షణం తడబడింది. ఓయివా ట్రాక్టరునుంచి చూపు తిప్పి ఆమె వైపు చూశాడు. ఆమె గబగబా పెద్దమ్మ మొగుడి దగ్గరికి తిరిగి వెళ్ళింది.

"మీరు... వింటున్నారా అండీ?"

"వింటున్నాను."

ఓయివా మళ్ళీ ట్రాక్టరు వైపు తిరిగాడు. అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు, ఒక నిట్టూర్పు. నూట పన్నెండో సెకనులో యార్నో, తన తల్లికి చెప్పుకుంటున్నట్టు, నిజం చెప్పేశాడు.

"చూడండి, మార్చి 25న రెండు సీట్లు ఉన్నాయి. ఎప్పటినుంచో ఉన్నాయి. ఉచిత టికెట్టును రద్దు చేస్తే కంప్యూటరు వాటిని ఇస్తుంది. రద్దు చేయమని ఎవరూ అడగరు కనుక మేమూ చెప్పం. కాకపోతే పక్కపక్కన లేవు. నాలుగో వరసలో ఒకటి, ఇరవై ఏడో వరసలో ఒకటి. ఫరవాలేదా?"

ఓయివా ఊపిరి లోపలికి పీల్చుకుని ఔనన్నాడు.

"అండీ? మీ అంగీకారం రికార్డు కావాలి. గట్టిగా చెప్పాలి."

ఆయన మళ్ళీ పీల్చుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. అంతకన్నా గట్టిగా పీల్చడం మనిషికి సాధ్యం కాదు.

"ఊపిరి బయటికి వదలవయ్యా మహానుభావా!" అని హెల్కా కుర్చీలోంచి లేచింది. "బయటికి! బయటికి!"

"ఔను!" అన్నాడు ఓయివా లెప్పాకోస్కి. పై అంతస్తులో కుక్క మొరిగింది.

"ధన్యవాదాలు," అన్నాడు యార్నో, తేలికపడి. "టికెట్లు మారాయి. ఇక ఫోను పెట్టేసేముందు, మీలాంటి ఓపికగల వినియోగదారుల కోసం మా దగ్గర ఒక కొత్త పథకం..."

హెల్కా నోరు తెరిచింది. ఓయివా ఫోను పెట్టేశాడు. పన్నెండు ఫోన్లలో ఆయన తన చేత్తో పెట్టేసినది అదొక్కటే. కంప్యూటరులో ఆయన పేరు పక్కన రాసి ఉన్నది ఆ క్షణాన నిజమయింది.

మార్చి 25న వాళ్ళు వెళ్ళారు. నాలుగో వరసలో హెల్కా, ఇరవై ఏడో వరసలో ఓయివా. విమానం దిగేసరికి మొదటి పది వరసల వాళ్ళకూ ఓయివా జీవిత చరిత్ర తెలుసు. ఆయన పక్కన కూర్చున్నది ఒక హామె రైతు. నాలుగు గంటల ప్రయాణంలో ఇద్దరికీ మంచి స్నేహం కుదిరిందని, మాట్లాడుకోలేదని ఓయివా నాకు తర్వాత చెప్పాడు.

ఏప్రిల్ 3, సోమవారం, కాఫీ వేళకు వాళ్ళింటికి వెళ్ళాను. ఎండకు ఓయివా ముక్కు పొట్టు రాలుతోంది. హెల్కా హోటలు దుప్పట్లు, టర్కీ టీ గ్లాసులు, సముద్రం ఒడ్డున పడుకున్న జర్మనుల పొట్టలు, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. బుధవారం దగ్గరికి వచ్చేసరికి ఆగి, "మబ్బు లేదు," అన్నది. లేచి కాఫీ పోయడానికి వెళ్ళింది.

ఓయివా నీలిరంగు నోటుబుక్కు నా ముందుకు జరిపాడు. మార్చి 29 పేజీలో గాలి వేగం ఉంది, ఇసుక ఉష్ణోగ్రత ఉంది, చీకటి మొదలైన వేళ ఉంది: 13 గంటల 54 నిమిషాల 58 సెకన్లు. చీకటి ఎంతసేపు ఉన్నదో కొలవడానికే నా స్టాప్‌వాచీ అడిగి తీసుకువెళ్ళాడు. ఆ అంకె ఎక్కడా లేదు. పేజీలు వెనక్కి తిప్పాను. ‘నిశ్శబ్దం, సెకన్లలో’ అన్న వరసలో, పదకొండు ఎనిమిదుల కింద, ఒక కొత్త నమోదు ఉంది. తేదీ మార్చి 29, దాని పక్కన ‘హెల్కా’ అని ఉంది.

241.